పాల పద్దుతో మొదలు: నోడ్ జేఎస్‌లో ఎస్‌క్యూలైట్ వాడటం ఎలా?

ఊరి పాల కేంద్రంలో రోజూ రెండు పూటలా రాసే పద్దు పుస్తకాన్ని తెరిస్తే ఒక్కో వరుసలో రైతు సంఖ్య, తేదీ, పూట, పాల కొలత, వెన్న శాతం, ధర కనిపిస్తాయి. రెండు వందల మంది రైతులు ఏడాదంతా రెండు పూటలా పాలు పోస్తే మొత్తం 1,46,000 వరుసలు అవుతాయి. మనిషి చేత్తో కూడాలంటే అది కొండంత పని. డేటాబేస్‌కు మాత్రం చాలా చిన్న పని. ఇటువంటి లెక్క కోసం వేరే డేటాబేస్ సర్వర్‌ను ఏర్పాటు చేసుకుని, దానికి పాస్‌వర్డులు పెట్టి, దాన్ని రాత్రింబగళ్లు కనిపెట్టుకుని ఉండవలసిన అవసరం లేదు. ఒక్క ఫైలు, దానితో మాట్లాడే ఒక చిన్న లైబ్రరీ చాలు. ఈ పాల పద్దునే ఉదాహరణగా తీసుకుని, జావాస్క్రిప్ట్‌ను బ్రౌజర్ బయట నడిపే నోడ్ జేఎస్‌లో బెటర్ ఎస్‌క్యూలైట్ 3 అనే లైబ్రరీతో పని మొదలుపెట్టే పద్ధతిని వివరిస్తాను. జావాస్క్రిప్ట్‌లో ఫంక్షన్లు, ఆబ్జెక్టులు రాయడం వచ్చినవారు ఎవరైనా దీన్ని అనుసరించవచ్చు. కమాండ్ల పేర్లను, ఫంక్షన్ల పేర్లను ఇక్కడ పలికే తీరున రాస్తున్నాను. కంప్యూటర్‌లో వాటిని ఇంగ్లిష్ అక్షరాలలో టైపు చేయాలి.

ఎస్‌క్యూలైట్‌ను రిచర్డ్ హిప్ 2000లో విడుదల చేశారు. అది విడిగా నడిచే ప్రోగ్రామ్ కాదు. మన ప్రోగ్రామ్‌లోనే కలిసిపోయి, డేటా మొత్తాన్ని డిస్క్ మీద ఒక ఫైలులో దాచే ఇంజన్. మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా అది ఉంది. నోడ్ నుంచి దాన్ని వాడుకోవడానికి ఒకటికి మించి లైబ్రరీలున్నాయి. కొన్నింటిలో ప్రతి క్వెరీకి (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నకు) కాల్‌బ్యాక్‌తోనో ప్రామిస్‌తోనో జవాబు కోసం ఎదురుచూడాలి. బెటర్ ఎస్‌క్యూలైట్ 3లో ఆ ఎదురుచూపు లేదు: క్వెరీ అడిగిన వరుసలోనే జవాబు చేతికి వస్తుంది. డేటా అదే యంత్రంలోని ఫైలులో ఉన్నప్పుడు చిన్న క్వెరీ చాలా త్వరగా ముగుస్తుంది కాబట్టి, కొత్తగా నేర్చుకునేవారికి ఈ సూటి పద్ధతే మేలని నా అభిప్రాయం. ప్రోగ్రామ్ పైనుంచి కిందికి చదివినట్టే నడుస్తుంది. తప్పు ఎక్కడ జరిగిందో కూడా సులువుగా దొరుకుతుంది. నోడ్ 22.5 నుంచి నోడ్‌లోనే ఒక ఎస్‌క్యూలైట్ మాడ్యూల్ ఉంది. దాని నడక కూడా దాదాపు ఇలాగే ఉంటుంది కనుక ఇక్కడ నేర్చుకున్నది అక్కడా పనికివస్తుంది.

స్థాపన, ఫైలు తెరవడం

ముందుగా నోడ్ ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం మద్దతు దొరికే) వెర్షన్‌ను వేసుకోండి. పాల లెక్క కోసం ఒక కొత్త ఫోల్డర్ చేసి, టెర్మినల్‌లో ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి, ఎన్‌పీఎమ్ (నోడ్‌తో వచ్చే, లైబ్రరీలను తెచ్చిపెట్టే సాధనం) ఇనిట్ కమాండ్‌తో ప్రాజెక్టును మొదలుపెట్టి, తరువాత ఎన్‌పీఎమ్ ఇన్‌స్టాల్ కమాండ్‌కు లైబ్రరీ పేరును జోడించి నడపండి. పేరులోని రెండు మాటల మధ్య అడ్డగీత ఉంటుందని, చివర 3 అంకె ఉంటుందని గమనించండి. ఈ లైబ్రరీలో సీ ప్లస్ ప్లస్‌తో రాసిన భాగం ఉంది. ఎల్‌టీఎస్ వెర్షన్లకు ఆ భాగం ముందే తయారై దొరుకుతుంది. మీ వెర్షన్‌కు దొరకకపోతే మీ కంప్యూటర్‌లోనే దాన్ని తయారుచేసే ప్రయత్నం జరుగుతుంది, అప్పుడు పైథాన్, సీ ప్లస్ ప్లస్ కంపైలర్ ఉండాలి. కొన్నాళ్ల తరువాత నోడ్ వెర్షన్ మార్చినప్పుడు మాడ్యూల్ వెర్షన్ సరిపోలేదని ఎర్రర్ వస్తే కంగారుపడకుండా ఎన్‌పీఎమ్ రీబిల్డ్ నడపండి.

ఇప్పుడు డీబీ అనే పేరుతో ఒక జావాస్క్రిప్ట్ ఫైలు తెరిచి, రిక్వైర్‌తో లైబ్రరీని తెచ్చుకుని డేటాబేస్ అనే పేరులో ఉంచుకోండి. న్యూ అనే మాటతో, డేటాబేస్ ఫైలు ఉండవలసిన చోటును ఇచ్చి, దాన్ని పిలిస్తే కనెక్షన్ ఆబ్జెక్ట్ వస్తుంది. ఇక్కడే మొదటి జాగ్రత్త ఉంది. ఇచ్చిన చోట ఫైలు లేకపోతే లైబ్రరీ మౌనంగా ఒక కొత్త ఖాళీ ఫైలును సృష్టిస్తుంది. వట్టి ఫైలు పేరు మాత్రమే ఇస్తే, ప్రోగ్రామ్‌ను మీరు ఏ ఫోల్డర్‌లో నిలబడి నడిపారో అక్కడే అది వెతుకుతుంది. అంటే వేరే ఫోల్డర్ నుంచి సర్వర్‌ను నడిపిన రోజున లెక్కంతా మాయమైనట్టు కనిపిస్తుంది. నిజానికి పాత ఫైలు దాని చోట భద్రంగానే ఉంటుంది. అందువల్ల పాత్ మాడ్యూల్‌లోని జాయిన్ ఫంక్షన్‌తో, డర్‌నేమ్‌ను (ఈ జావాస్క్రిప్ట్ ఫైలు ఉన్న ఫోల్డర్‌ను) ఆధారం చేసుకుని పూర్తి చిరునామా ఇవ్వండి. అసలు సర్వర్ మీదికి వెళ్లాక ఫైల్ మస్ట్ ఎగ్జిస్ట్ అనే ఆప్షన్‌ను ట్రూ అని పెడితే, ఫైలు కనబడనప్పుడు ఖాళీ లెక్కతో నడవకుండా ప్రోగ్రామ్ అక్కడే ఆగి చెబుతుంది.

కనెక్షన్ తెరిచిన వెంటనే ప్రాగ్మా ఫంక్షన్ ద్వారా జర్నల్ మోడ్‌ను డబ్ల్యూఏఎల్ (రైట్ అహెడ్ లాగ్, పలికేటప్పుడు వాల్) అని పెట్టండి. ఈ పద్ధతిలో కొత్త రాతలు ముందుగా ప్రక్కనున్న వాల్ ఫైలులోకి వెళ్లి, తరువాత అసలు ఫైలులో కలుస్తాయి. ఒకరు రాస్తుండగా మరొకరు చదవడానికి అడ్డం ఉండదు. దీనికి తోడుగా సింక్రొనస్ అనే అమరిక కూడా ఉంది. అది నార్మల్‌లో ఉంటే వేగం బాగుంటుంది గానీ, కరెంటు ఉన్నట్టుండి పోయినప్పుడు ఫైలు చెడిపోకపోయినా చివరి కొన్ని పద్దులు పోయే అవకాశం ఉంది. పాల కేంద్రంలో ఒక్క పద్దు పోయినా ఒక రైతు ఆ పూట కష్టం పోయినట్టే. కాబట్టి దాన్ని ఫుల్ అని పెట్టమంటాను. నిమిషానికి పది పద్దులు రాసే చోట ఆ వేగం తేడా ఎవరికీ తెలియదు. ఈ కనెక్షన్‌ను ఫైలు చివర ఎక్స్‌పోర్ట్ చేసి, మిగతా ఫైళ్లన్నీ దాన్నే తెచ్చుకునేలా చేయండి. ప్రతి రిక్వెస్ట్‌కూ కొత్త కనెక్షన్ తెరవడం అనవసరం.

పట్టికలు: నియమాలను డేటాబేస్‌కే అప్పగించడం

పట్టికలను సృష్టించే ఎస్‌క్యూఎల్‌ను (డేటాబేస్‌తో మాట్లాడే భాషలోని వాక్యాలను) ఎగ్జెక్ ఫంక్షన్‌కు ఇవ్వాలి. క్రియేట్ టేబుల్ తరువాత ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్ అని చేర్చితే, ప్రోగ్రామ్ ఎన్నిసార్లు మొదలైనా ఉన్న పట్టిక అలాగే ఉంటుంది. మనకు మూడు పట్టికలు కావాలి: రైతులు, పద్దులు, చెల్లింపులు. రైతుల పట్టికలో సంఖ్యను ఇంటిజర్ ప్రైమరీ కీగా (ఒక్కో వరుసను గుర్తించే పూర్ణాంకంగా), పేరును టెక్స్ట్ నాట్ నల్‌గా (ఖాళీగా వదలరాని అక్షరాలుగా) ఉంచండి.

పద్దుల పట్టిక దగ్గర కాస్త నిలబడి ఆలోచించాలి. రైతు సంఖ్య కాలమ్‌కు రిఫరెన్సెస్ ద్వారా రైతుల పట్టికతో ముడి వేస్తే, లేని రైతు పేరు మీద పద్దు పడదు. ఈ లైబ్రరీలో ఈ ముడిని చూసే ఫారిన్ కీ తనిఖీ మొదటినుంచీ అమలులోనే ఉంటుంది. పూట కాలమ్‌కు చెక్ నియమం పెట్టి ఉదయం, సాయంత్రం అనే రెండు విలువలనే అనుమతించండి. అన్నిటికన్నా ముఖ్యమైనది, రైతు, తేదీ, పూట మూడింటినీ కలిపి యూనిక్ అనడం. వరుసలో పది మంది క్యాన్లతో నిలబడి ఉండగా, రాసేవారు బటన్‌ను రెండుసార్లు నొక్కడం చాలా సహజం. ఈ ఒక్క నియమం ఉంటే రెండవ పద్దు పడనే పడదు. ఇటువంటి నియమాలను జావాస్క్రిప్ట్‌లో మాత్రమే రాసి ఊరుకునేవారున్నారు. రేపు ఇంకో స్క్రిప్ట్ అదే ఫైలులోకి రాస్తే ఆ తనిఖీలన్నీ పక్కకు పోతాయి. పట్టికలో రాసిన నియమాన్ని మాత్రం ఎవరూ దాటలేరు. పట్టిక నిర్వచనం చివర స్ట్రిక్ట్ అనే మాట చేర్చడం కూడా మరవకండి. అది లేకపోతే, ఇంటిజర్ అని చెప్పిన కాలమ్‌లో కూడా ఎస్‌క్యూలైట్ అక్షరాలను అంగీకరిస్తుంది.

కొలతలను, డబ్బును దశాంశాలతో దాచవద్దు. జావాస్క్రిప్ట్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుందన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. అటువంటి చిల్లర పదిహేను రోజుల బిల్లులో పేరుకుంటే రైతుకు సమాధానం చెప్పుకోలేము. పాలను మిల్లీలీటర్లలో, వెన్నను శాతంలో పదో వంతులుగా, ధరను పైసల్లో పూర్ణాంకాలుగా ఉంచండి. 2 లీటర్ల 350 మిల్లీలీటర్ల పాలు 2350గా, వెన్న 6.4 శాతం 64గా, లీటరు ధర రూ.56.40 ఉంటే అది 5640గా పట్టికలోకి వెళ్తాయి. 2350ని 5640తో గుణించి వెయ్యితో భాగిస్తే 13254 పైసలు, అంటే రూ.132.54 వస్తుంది. భాగించిన తరువాత మిగిలే చిన్న భాగాన్ని ఎలా సరిచేయాలో, అంటే పైకి తీయాలా కిందికి వదలాలా అన్నది, ఒక్కచోట మాత్రమే నిర్ణయించి అన్నిచోట్లా అదే ఫంక్షన్‌ను వాడండి. ధరను కూడా ప్రతి పద్దులోనే రాసుకోవాలి. ధరల పట్టిక మారిన రోజున పాత బిల్లులు మారిపోకూడదు కదా.

రాయడం, చదవడం

లైబ్రరీలో రోజూ చేతికి తగిలే ఫంక్షన్లు నాలుగే. ప్రిపేర్ ఎస్‌క్యూఎల్ వాక్యాన్ని ఒకసారి సిద్ధం చేసి ఉంచుతుంది. అలా సిద్ధమైన వాక్యం మీద రన్ అంటే రాత జరుగుతుంది, గెట్ అంటే మొదటి వరుస వస్తుంది, ఆల్ అంటే వరుసలన్నీ ఒక జాబితాగా వస్తాయి. రన్ తిరిగిచ్చే ఆబ్జెక్ట్‌లో ఎన్ని వరుసలు మారాయో చెప్పే ఛేంజెస్, కొత్త వరుస సంఖ్యను చెప్పే లాస్ట్ ఇన్సర్ట్ రోఐడీ ఉంటాయి. గెట్‌కు వరుస దొరకకపోతే అన్‌డిఫైన్డ్ వస్తుంది; దాన్ని చూసుకోకుండా నేరుగా పేరు అడిగితే ప్రోగ్రామ్ పడిపోతుంది.

విలువలను ఎస్‌క్యూఎల్ వాక్యంలో అతికించి రాయవద్దు. విలువ రావలసిన చోట ప్రశ్నార్థకం గానీ, ఎట్ గుర్తుతో మొదలయ్యే పేరు గానీ పెట్టి, విలువలను రన్ పిలిచేటప్పుడు విడిగా ఇవ్వండి. పద్దులో ఆరేడు విలువలుంటాయి కనుక పేర్ల పద్ధతే మంచిది. ప్రశ్నార్థకాలతో వరుస తప్పితే వెన్న శాతం చోట ధర కూర్చుంటుంది, ఎర్రర్ కూడా రాదు. విలువలను అతికించి రాసినప్పుడు జరిగే నష్టం ఇంకా పెద్దది. పేరు వెతికే పెట్టెలో ఎవరైనా ఒక కొటేషన్ గుర్తు పెట్టి, దాని తరువాత ఎప్పుడూ నిజమయ్యే ఒక షరతు టైపు చేస్తే, ఊళ్లోని అందరి లెక్కలూ వారి ముందు పరచుకుంటాయి. ఇంకో సంగతి: ఈ లైబ్రరీ సంఖ్యలు, అక్షరాలు, బిగ్ఇంట్, బఫర్, నల్ విలువలనే తీసుకుంటుంది. ట్రూ, ఫాల్స్ ఇచ్చినా, డేట్ ఆబ్జెక్ట్ ఇచ్చినా ఎర్రర్ ఇస్తుంది. అవును, కాదు అన్నవాటిని 1, 0గా మార్చుకోవాలి. తేదీని అక్షరాలుగా మార్చుకోవాలి.

ఆ తేదీ దగ్గర చాలామంది తప్పు చేస్తారు. 2025 జనవరి 14న తెల్లవారుజామున 5 గంటల 10 నిమిషాలకు రైతు పాలు పోశాడనుకుందాం. జావాస్క్రిప్ట్‌లో టు ఐఎస్ఓ స్ట్రింగ్ పిలిచి మొదటి పది అక్షరాలు తీసుకుంటే జనవరి 13 అని వస్తుంది. ఎందుకంటే ఆ ఫంక్షన్ యూటీసీ (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక) సమయాన్ని ఇస్తుంది, అక్కడ అప్పటికి ముందు రోజు రాత్రి 11 గంటల 40 నిమిషాలే అయింది. ఉదయం 5.30కి ముందు పోసిన పాలన్నీ నిన్నటి ఖాతాలో పడతాయి, 5.30 తరువాత పోసినవి సరిగ్గా పడతాయి. అందుకే ఈ తప్పు కొందరి లెక్కలో మాత్రమే కనిపించి అంతుచిక్కదు. ఎస్‌క్యూలైట్‌లోని డేట్ ఫంక్షన్‌కు నౌ ఇచ్చినా యూటీసీయే వస్తుంది. దానికి ప్లస్ 330 మినిట్స్ అనే మార్పును జోడిస్తే మన తేదీ వస్తుంది. సర్వర్ ఏ దేశంలో ఉన్నా ఇది మారదు. తేదీని సంవత్సరం, నెల, రోజు వరుసలో, నెలకూ రోజుకూ రెండేసి అంకెలతో టెక్స్ట్‌గా దాచుకుంటే వరుసక్రమం, మధ్య తేదీల వెతుకులాట రెండూ సరిగా పనిచేస్తాయి.

తెలుగు పేర్ల విషయంలోనూ ఒక మెలిక ఉంది. ఎస్‌క్యూలైట్‌కు తెలుగు దాచడంలో ఏ ఇబ్బందీ లేదు, కానీ కంటికి ఒకటిగా కనిపించే రెండు పేర్లు దానికి వేరువేరు కావచ్చు. కొన్ని కీబోర్డులు కుమార్ వంటి పొల్లుతో ముగిసే మాట చివర కనబడని ఒక విడదీసే అక్షరాన్ని చేరుస్తాయి. జావాస్క్రిప్ట్‌లోని ట్రిమ్ ఫంక్షన్ దాన్ని తీసివేయదు, ఎందుకంటే అది ఖాళీ స్థలం కిందకు రాదు. మాట మధ్యలో అది అవసరమే గనుక అన్నిచోట్లా తీసివేయకుండా, పేరు చివర ఉన్నదాన్ని మాత్రం తొలగించి, నార్మలైజ్ ఫంక్షన్‌తో ఎన్ఎఫ్‌సీ అనే ఒకే ప్రామాణిక యూనికోడ్ రూపంలోకి మార్చి, ఆ తరువాతే పట్టికలోకి పంపండి. వెతికేటప్పుడు కూడా అదే ఫంక్షన్ గుండా పంపాలి. పేర్ల వరుసక్రమం కూడా మన వర్ణమాలతో పూర్తిగా కలవదు: యూనికోడ్‌లో ళ అక్షరం లకు పక్కనే ఉండటం వల్ల కవిత కంటే కళావతి ముందు వస్తుంది. పాల కేంద్రంలో అందరూ రైతు సంఖ్యతోనే పిలుస్తారు కనుక జాబితాను సంఖ్య వరుసలో చూపడం నయం.

రెండవసారి అదే పూట పద్దు రాయబోతే రన్ ఎర్రర్ విసురుతుంది. దాన్ని ట్రై, క్యాచ్‌తో పట్టుకుని, ఎర్రర్‌లోని కోడ్ యూనిక్ నియమానికి సంబంధించినదైతే, ఈ రైతు పాలు ఈ పూట ఇదివరకే రాశారు అని తెరపై తెలుగులో చెప్పండి. వేరే కోడ్ అయితే దాచిపెట్టకుండా లాగ్‌లోకి వెళ్లనివ్వండి.

చెల్లింపు: రెండూ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు

పదిహేను రోజులకొకసారి బిల్లు కట్టేటప్పుడు, చెల్లింపుల పట్టికలో ఒక వరుస చేరాలి, ఆ కాలంలోని పద్దులన్నిటికీ ఆ చెల్లింపు సంఖ్య పడాలి. మొదటిది జరిగి రెండవది ఆగిపోతే ఆ పద్దులు ఇంకా బాకీగానే కనిపించి రైతుకు రెండుసార్లు డబ్బు వెళ్తుంది. దీనికోసమే ట్రాన్సాక్షన్ ఫంక్షన్ ఉంది. పని మొత్తాన్ని ఒక ఫంక్షన్‌గా రాసి దానికి ఇస్తే, అది ఇంకో ఫంక్షన్‌ను తిరిగి ఇస్తుంది; దాన్ని పిలిచినప్పుడు లోపల ఎక్కడ ఎర్రర్ వచ్చినా అప్పటిదాకా చేసినదంతా వెనక్కి పోతుంది. ముందుగా బాకీ పద్దుల సంఖ్యను, మొత్తాన్ని చదవండి, చెల్లింపు వరుస రాయండి, ఆ తరువాత పద్దులను మార్చండి. చివరగా ఛేంజెస్‌లో వచ్చిన సంఖ్య మొదట చదివిన సంఖ్యతో సరిపోకపోతే మీరే ఎర్రర్ విసరండి. ఈ ఫంక్షన్ లోపల అవెయిట్ వాడకూడదు. అసింక్ ఫంక్షన్ మొదటి అవెయిట్ దగ్గర చేయి వదిలేస్తుంది, ట్రాన్సాక్షన్ అక్కడికి ముగిసిపోతుంది. రైతుకు ఎస్ఎంఎస్ పంపడం వంటివి ట్రాన్సాక్షన్ పూర్తయ్యాక చేయవలసినవి.

క్వెరీ నడుస్తున్నంతసేపు నోడ్ ఇంకే పనీ చేయదు గనుక క్వెరీలు పొట్టిగా ఉండాలి. మనం పెట్టిన యూనిక్ నియమం వల్ల రైతు, తేదీల మీద ఇండెక్స్ (వరుసలను త్వరగా వెతికిపెట్టే సూచిక) దానంతటదే ఏర్పడింది; ఒక రైతు లెక్క వెంటనే వస్తుంది. ఒక రోజు కేంద్రం మొత్తం పాలెన్ని అని అడిగితే మాత్రం ఆ ఇండెక్స్ సాయపడదు, ఎందుకంటే దానిలో తేదీ రెండవ స్థానంలో ఉంది. తేదీ మీద మరో ఇండెక్స్ వేయండి. ఎస్‌క్యూఎల్ వాక్యం ముందు ఎక్స్‌ప్లెయిన్ క్వెరీ ప్లాన్ అని చేర్చి నడిపితే, స్కాన్ అని వస్తే మొత్తం చదువుతున్నట్టు, సెర్చ్ అని వస్తే ఇండెక్స్ పట్టుకుని వెళ్తున్నట్టు తెలుస్తుంది.

నకలు తీయడం

మొదట్లో నేను సర్వర్ నడుస్తుండగానే డేటాబేస్ ఫైలును మామూలుగా కాపీ చేసి అదే నకలు అనుకునేవాడిని. ఒకసారి డిస్క్ పాడై ఆ నకలును తెరిచి చూస్తే, చివరి రెండు పూటల పద్దులు అందులో లేవు. అవి ప్రక్కనున్న వాల్ ఫైలులోనే ఉండిపోయాయి, దాన్ని నేను కాపీ చేయలేదు. ఆ పద్దులను మళ్లీ రాయడానికి రైతుల దగ్గరున్న చీటీలను ఒక్కొక్కటిగా అడిగి తెచ్చుకోవలసి వచ్చింది. అందుకే ఈ మాట గట్టిగా చెబుతున్నాను: కనెక్షన్ మీద ఉన్న బ్యాకప్ ఫంక్షన్‌నే వాడండి. ఈ లైబ్రరీలో ప్రామిస్ తిరిగి ఇచ్చే ఫంక్షన్ ఇది, కనుక దీనికి అవెయిట్ కావాలి. సర్వర్ నడుస్తుండగానే అది పూర్తి నకలు తీస్తుంది. ఫైలు పేరులో తేదీ చేర్చి, రోజూ సాయంత్రం పూట పద్దు ముగిశాక నడిపించి, ఆ నకలును వేరే యంత్రానికి పంపండి. కొన్ని క్లౌడ్ సేవల్లో ప్రోగ్రామ్‌ను కొత్తగా ఎక్కించిన ప్రతిసారీ డిస్క్ తుడిచిపెట్టుకుపోతుంది. అక్కడైతే శాశ్వత డిస్క్‌ను విడిగా తీసుకోనిదే ఈ పద్ధతి పనికిరాదు. నెట్‌వర్క్ ద్వారా పంచుకునే ఫోల్డర్‌లో కూడా డేటాబేస్ ఫైలును ఉంచవద్దు. డబ్ల్యూఏఎల్ పద్ధతి అక్కడ పనిచేయదు. రెండు మూడు సర్వర్ యంత్రాలు ఒకే డేటాలోకి రాయవలసిన రోజు వస్తే, అప్పుడు పోస్ట్‌గ్రెస్ వంటి విడి డేటాబేస్ సర్వర్‌కు మారాలి.

నకలు తీసిన తరువాత ఇంకొక చిన్న పని ఉంది. నకలును రీడ్ఓన్లీ ఆప్షన్‌తో తెరిచి, ఆ రోజు మిల్లీలీటర్ల మొత్తాన్ని అడిగి, అసలు ఫైలులోని మొత్తంతో పోల్చండి. రెండు అంకెలూ కలిస్తేనే పాత నకలును తీసివేయండి.